ఆ చెప్పు పారేయకండి

ఈసారి తీసుకున్న ఉత్తరం ఒక పాఠకుడిది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు. నాలుగు పేజీలు రాసి, ఆరు ఫోటోలు జత చేశారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఐదు వారాల కిందట ఒక రాత్రి వాన పడుతుండగా, రైలు దిగే స్నేహితుణ్ణి తీసుకురావడానికి అక్కావాళ్ల కారు అడిగి తీసుకెళ్లారు. స్టేషన్ ఇంకా సగం దూరం ఉందనగా ఎడమ వైపు ముందు చక్రం గుంతలో పడింది. "నీళ్లు నిలిచాయనుకున్నాను, కింద గొయ్యి ఉందని పడ్డాకే తెలిసింది" అని రాశారు. టైరు పక్కన చీలిపోయింది, రిమ్ము వంగింది. మర్నాడు గ్యారేజీలో చూస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే కడ్డీ) కూడా వంగిందని తేలింది. బిల్లు బావగారే కట్టారు.

రెండు రోజులాగి పగటిపూట వెళ్లి ఫోటోలు తీశారు. కొలవడానికి చేతిలో ఏమీ లేక, కాలి చెప్పు విప్పి గుంతలో నిలువుగా పెట్టారు. మూడో వంతు దాకా మునిగింది. అది చూసి ఎదురింటి పెద్దాయన వచ్చి, "నెల నుంచి ఉందండీ ఇది, మా అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాడు" అన్నారట. ఆ తర్వాత నాలుగు రోజులకి గుంత పూడ్చేశారు. ఈయన స్థానిక సంస్థకి పరిహారం కోసం అర్జీ పెట్టుకుంటే మూడు వాక్యాల జవాబొచ్చింది: "ఈ గుంత గురించి మాకు ముందుగా ఫిర్యాదు అందలేదు. రోడ్లను క్రమం తప్పకుండా తనిఖీ చేస్తున్నాము. కావున మా బాధ్యత లేదు."

ఇల్లు ఇంకో తలనొప్పి. అక్క ఫోన్ చేసి, "మీ బావగారు ఏమీ అనరు గానీ..." అని ఆగిపోయిందట. ఆ 'గానీ' ఐదు వారాలుగా ఈయనకి నిద్ర పట్టనివ్వడం లేదు. చివరికి బావగారే ఒక దారి చెప్పారు: "ఇన్సూరెన్స్‌కి పెడదాం, కారు నేనే నడిపినట్టు రాసేద్దాం." ఈయన భార్య మాత్రం, డబ్బు మనమే ఇచ్చేసి ఈ గొడవ వదిలేద్దాం అంటున్నారు. "తప్పు నాది కానప్పుడు నేనెందుకు కట్టాలి? ఆ మూడు వాక్యాలతో ఊరుకోవాలా, పోరాడాలా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోడ్డువాళ్ల దగ్గర మీకు రావలసినది వేరు, బావగారికి మీరు ఇవ్వవలసినది వేరు. మీరు ఆ రెండూ కలిపి ఒకే ముడి వేసుకున్నారు. మొదటిది తేలితే గానీ రెండోది తేలదనుకుంటున్నారు. అందుకే ఆ మూడు వాక్యాల కాగితం మీకు అంత బరువుగా ఉంది. వీటిని విడదీద్దాం. దానికి ముందు తొందరగా తేలాల్సిన విషయం ఒకటుంది.

కారు బావగారు నడిపినట్టు రాయడం వద్దు. బావగారు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మీ మీద భారం పడకూడదనే అని ఉంటారు. కానీ పరిహారం అర్జీలో "నేను కారు నడుపుతుండగా" అని రాసి, సంతకం పెట్టి, ఒక ఆఫీసుకి ఇచ్చింది మీరు. ఆ కాగితం ఇప్పుడు వాళ్ల ఫైల్లో ఉంది. రేపు ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంకో కథ చెబితే, ఒకే రాత్రికి, ఒకే చక్రానికి ఇద్దరు డ్రైవర్లు తయారవుతారు. అబద్ధం బయటపడితే ఈ క్లెయిమ్ ఒక్కటే పోదు, పాలసీయే రద్దు కావచ్చు. ఆ మచ్చ పడేది పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల మీద, అంటే బావగారి మీద. పైగా రోడ్డు గుంత గురించి మీరు పెట్టిన నిజమైన అర్జీ కూడా దాంతోపాటే చెడుతుంది. బావగారికి నీతులు చెప్పక్కర్లేదు. "అర్జీలో నా పేరు రాసేశాను బావగారూ, ఇప్పుడు మారిస్తే ఇద్దరం ఇరుక్కుంటాం" అనండి. అది నిజం, ఆయనకి చిన్నతనమూ ఉండదు.

అలాగని ఇన్సూరెన్స్ దారి మూసుకుపోలేదు. నిజం రాసి కూడా అడగొచ్చు. ముందు పాలసీ కాగితం తెప్పించుకుని చూడండి. థర్డ్ పార్టీ పాలసీ అయితే సొంత కారుకి జరిగిన నష్టానికి ఏమీ రాదు, అక్కడితో ఆ మాట అయిపోయింది. సమగ్ర పాలసీ అయితే, వేరేవాళ్లు నడిపినా వర్తిస్తుందా అన్నది చూడాలి. కొన్ని దేశాల్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా సరిపోతుంది, కొన్నిచోట్ల పాలసీలో పేరున్న డ్రైవర్లకే వర్తిస్తుంది. మీ పేరు లేకపోతే, ఆ రాత్రి మీరు ఇన్సూరెన్స్ లేకుండా కారు నడిపినట్టే లెక్క తేలవచ్చు. అలాంటి చోట ఫోన్ తీసి క్లెయిమ్ పెట్టే ముందు, పాలసీ బాగా తెలిసినవాళ్లని ఒకసారి అడగడం మంచిది.

వర్తిస్తుందనే అనుకుందాం. అప్పుడు ఒక లెక్క వెయ్యండి. బిల్లులోంచి మొదట మనమే పెట్టుకోవాల్సిన భాగం తీసెయ్యండి. టైరుకి చాలా పాలసీలు పూర్తిగా ఇవ్వవు, అరుగుదల కింద కోస్తాయి, ఆ కోత తియ్యండి. తర్వాత బావగారికి ఇన్నేళ్లుగా కూడిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతే, రాబోయే సంవత్సరాల్లో ప్రీమియం ఎంత పెరుగుతుందో కనుక్కోండి. ఒక టైరు, ఒక రిమ్ము, ఒక లోయర్ ఆర్మ్ దెబ్బతిన్న కేసుల్లో చాలాసార్లు చేతికొచ్చేదానికన్నా చేజారేదే ఎక్కువ. కారు కింద ఇంజన్ సంపు పగిలినా, స్టీరింగ్ ర్యాక్ పోయినా అప్పుడు మాట వేరు. ఇంకోటి, ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు తీసుకోకూడదు. ఇన్సూరెన్స్ ఇచ్చాక రోడ్డువాళ్ల దగ్గర ఆ డబ్బు రాబట్టే హక్కు మామూలుగా కంపెనీకి పోతుంది. మీకు మిగిలేది మీ చేతినుంచి పోయిన భాగం మాత్రమే.

ఇక రోడ్డు సంగతి. మీరున్న దేశం ఏదో ఉత్తరంలో లేదు. వివరాలు రాయొద్దని మేమే చెబుతాం కాబట్టి ఆ తప్పు మీది కాదు. అందుకని చాలా చోట్ల నడిచే పద్ధతి చెబుతూ, మధ్యలో కొన్ని దేశాల చట్టాలు ఉదాహరణకి చెబుతాను.

మీరు అర్జీలో గుంత ఎంత లోతో, కారు ఎంత దెబ్బతిందో వివరంగా రాశారు. దానికి వాళ్లు ఇచ్చిన జవాబులో లోతు మాటే లేదు చూడండి. "మాకు తెలియదు" అన్నారు, అంతే. చాలా దేశాల్లో ఈ గొడవ తేలేది ఆ ఒక్క మాట మీదే. గుంత ఉండటమే నేరం అనరు. గుంత ఉందని వాళ్లకి ఎప్పుడు తెలిసింది, లేదా ఎప్పటికి తెలిసి ఉండాల్సింది, తెలిశాక ఎన్ని రోజులకి పూడ్చారు, ఇవే అడుగుతారు.

దీని వెనక చాలా పాత చరిత్ర ఉంది. ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయంలో, రోడ్డు రిపేరు చెయ్యని సంస్థ మీద దావా వెయ్యడానికి వీలుండేది కాదు. పని చేసి చెడగొడితే బాధ్యత, అసలు చెయ్యకుండా ఊరుకుంటే బాధ్యత లేదు! అక్కడ 1961 చట్టంతో అది పోయింది. ఆస్ట్రేలియాలో 2001లో గానీ పోలేదు. హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత కోర్టు) బ్రోడీ కేసులో ఆ రక్షణ చెల్లదంది. మరుసటి ఏడాదే న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం ఇంకో చట్టం చేసి, ఫలానా ప్రమాదం గురించి ఆ సంస్థకి నిజంగా తెలిసి ఉంటే తప్ప రిపేరు చెయ్యనందుకు బాధ్యత లేదని రాసుకుంది. అంటే తలుపు తీసినట్టే తీసి గొళ్లెం పెట్టారు.

ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లో నడిచేది 1980 నాటి హైవేస్ చట్టం. 41వ సెక్షన్ రోడ్డు బాగుచేసే బాధ్యత పెడుతుంది. 58వ సెక్షన్ ఆ సంస్థకి ఒక డాలు ఇస్తుంది: పరిస్థితుల్ని బట్టి తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నామని చూపిస్తే చాలు. మీకు వచ్చిన మూడు వాక్యాల జవాబు అచ్చం ఆ డాలు ఆకారంలోనే ఉంది. కానీ గమనించండి, అక్కడ ఆ జాగ్రత్త నిరూపించుకోవాల్సింది సంస్థే. "తనిఖీ చేస్తున్నాము" అని రాస్తే సరిపోదు, ఎప్పుడు చేశారో కాగితం చూపించాలి. వాళ్లకి తెలిసిందా అన్నదొక్కటే కాకుండా, తెలిసి ఉండాల్సిందా అన్నది కూడా చూస్తారు. పెద్దాయన అన్నట్టు నెల నుంచి నోరు తెరుచుకుని ఉన్న గుంత, మధ్యలో జరగాల్సిన తనిఖీలో కనబడకపోతే ఆ తనిఖీ ఏ పాటిది?

న్యూయార్క్ నగరం ఇంకా గట్టిది. 1979 నాటి నిబంధన ప్రకారం, మామూలుగా లోపం గురించి నగరానికి ముందే రాతపూర్వకంగా తెలిసి ఉండాలి, తెలిశాక 15 రోజుల్లో బాగుచెయ్యకపోయి ఉండాలి. దీనికి అక్కడి లాయర్లు ఏం చేశారో తెలుసా? 1982లో ఒక సంస్థ పెట్టి, మనుషుల్ని వీధులకి పంపి, కాలిబాటల్లో పగుళ్లు, గుంతలు ఎక్కడెక్కడున్నాయో మ్యాపుల మీద గుర్తులు పెట్టించి, ఆ మ్యాపుల్ని నగరానికి అందజేశారు. ఇక తెలియదనడానికి లేదు కదా. ఆ తర్వాత ఏ గుర్తు ఏ లోపానికి అన్నదాని మీదే కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఫోన్‌లో, యాప్‌లో చెప్పింది రాతపూర్వకం అవుతుందా అన్న ప్రశ్న న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న ఆల్బనీ నగరం కేసులో 2024లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు దాకా వెళ్లింది. ఫిర్యాదుల యాప్ ద్వారా నగరానికి అందినవి కూడా రాతపూర్వక సమాచారం కావచ్చని కోర్టు అంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ కేసులో ప్రాణం ఉన్నది మీ కారు ఫోటోల్లో కాదు, ఎదురింటి అబ్బాయి ఫోన్లో. "రెండుసార్లు ఫోన్ చేశాడు" అన్నది ప్రస్తుతానికి వాళ్ల నాన్నగారి నోటి మాట. ఆ అబ్బాయిని కలవండి. ఏ నంబరుకి, ఏ తేదీన చేశాడో కాల్ లిస్టులో ఉంటుందేమో చూడమనండి. ఫిర్యాదు నంబరు మెసేజ్ వచ్చి ఉంటే బంగారం. అతను ఇష్టపడితే నాలుగు లైన్లు రాయించి, తేదీ వేసి, సంతకం తీసుకోండి. మొహమాటపడితే ఒత్తిడి చెయ్యకండి. ఆ వీధిలో ఉండాల్సింది అతను.

అతను రాసివ్వకపోయినా ఇంకో దారి ఉంది. ఆ సంస్థ రికార్డులే అడగండి. భారతదేశంలో అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2000 నాటి చట్టం కింద 20 పనిదినాలు. ఇలాంటి చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అడిగేటప్పుడు కోపం చూపించకండి, ప్రశ్నలు సూటిగా ఉండాలి. ఫలానా వీధిలో ఫలానా చోట, ప్రమాదం జరిగిన రోజుకి ముందు ఆరు నెలల్లో వచ్చిన ఫిర్యాదులు. అదే కాలంలో జరిగిన తనిఖీల తేదీలు, తనిఖీ చేసినవాళ్లు రాసిన నోట్సు. ఆ రోడ్డుని ఎన్నాళ్లకోసారి తనిఖీ చెయ్యాలని వాళ్ల నియమం. ఎంత లోతు గుంతని ఎన్ని రోజుల్లో పూడ్చాలని నియమం. ఆ గుంత పూడ్చమని ఆర్డరు ఇచ్చిన తేదీ.

ఆ చివరి ప్రశ్న మర్చిపోకండి. మీరు ఫోటోలు తీసిన నాలుగు రోజులకి గుంత పూడ్చారు కదా. పూడ్చమన్న ఆర్డరు ప్రమాదం కన్నా ముందు తేదీది అయితే "మాకు తెలియదు" అన్న వాక్యం అక్కడే కూలిపోతుంది. ప్రమాదం తర్వాతది అయితే దాన్నిబట్టి తప్పు ఒప్పుకున్నట్టేమీ కాదు, వాళ్లు ఆ తర్వాత తెలిసి పని చేసి ఉండొచ్చు, అంతే. ఈ రెంటిలో ఏదో తెలిసేదాకా పోరాడాలా, వదిలెయ్యాలా అన్న నిర్ణయం మీరు తీసుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ ఫోటోల దగ్గరికొస్తాను. మూడో ఫోటో నన్ను పట్టేసింది. అందులో గుంతకి మూడు వైపులా అంచు గుండ్రంగా అరిగి ఉంది. నిన్న మొన్న ఊడిన తారు అయితే అంచు పదునుగా ఉంటుంది, చుట్టూ కొత్త కంకర రాలి ఉంటుంది. ఇక్కడ కంకర లేదు, బళ్లు తొక్కీ తొక్కీ ఎప్పుడో చెదరగొట్టేశాయి. పెద్దాయన చెప్పిన 'నెల'కి ఇది తోడు. అయితే నాలుగో వైపు, కాలిబాట వైపు, అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఆ గీత గుంత దాటాక కూడా రోడ్డు మీద కొంత దూరం సాగింది, దానికి ఇవతల తారు రంగు వేరు. వానకి తనంతట తాను పడే గుంతకి తిన్నటి గీత రాదు. పైపు కోసమో, కేబుల్ కోసమో రంపంతో కోసి, తవ్వి, మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పైన తారు పోస్తే ఇలా ఉంటుంది. అతుకు దగ్గర నీళ్లు దిగుతాయి, కింద మట్టి కుంగుతుంది, బండి చక్రం పడ్డప్పుడల్లా ఆ నీళ్లు కింది మట్టిని కొంచెం కొంచెం బయటికి చిమ్ముతాయి, ఒక రోజు పై తారు లోపలికి కూలుతుంది.

నా అంచనా సరైనదైతే, మీరు అర్జీ పెట్టిన గుమ్మం ఒక్కటే కాదు, పక్కన ఇంకో గుమ్మం ఉంది. తవ్విన సంస్థ లేదా దాని కాంట్రాక్టరు. ఇంగ్లండ్‌లో 1991 నాటి వీధి పనుల చట్టం కింద తవ్వి పూడ్చినవాళ్లే రెండేళ్ల పాటు ఆ పూడికకి హామీ ఉండాలి, లోతుగా తవ్విన చోట మూడేళ్లు. మిగతా చోట్ల కూడా తవ్వడానికి ఇచ్చే అనుమతుల్లో ఇలాంటి షరతులు మామూలే. కాబట్టి రికార్డుల అర్జీలో ఇంకో ప్రశ్న చేర్చండి: గత మూడేళ్లలో అక్కడ తవ్వడానికి ఎవరెవరికి అనుమతి ఇచ్చారు? ఇక్కడ తెలిసిందా, తెలియలేదా అన్న వాదన అంత గట్టిగా నిలబడదు, పని నాసిరకంగా చేశారన్నదే నేరుగా ప్రశ్న అవుతుంది. అయితే ఒక చిక్కు చెప్పాలి. ఇద్దరు బాధ్యులున్న చోట ఇద్దరూ ఎదుటివాళ్ల వైపు వేలు చూపిస్తారు. మీ ఉత్తరాలు బంతిలా అటూ ఇటూ తిరుగుతాయి. ఇద్దరికీ ఒకేసారి రాసి, ఒకరికి రాసిన కాపీ రెండోవాళ్లకి పంపడం తప్ప దీనికి వేరే మందు లేదు.

అసలు ఆ రోడ్డు ఎవరిదో కూడా రూఢి చేసుకోండి. ఒకే దారిలో కొంత స్థానిక సంస్థది, కొంత హైవే శాఖది ఉంటుంది. సరైన ఆఫీసు కాకపోతే "మా బాధ్యత లేదు" అన్న జవాబు అక్షరాలా నిజమే కావచ్చు.

మీకు వ్యతిరేకంగా వాళ్లు ఏమనగలరో కూడా చెప్పాలి. అర్జీలో "కొంచెం వేగంగానే వెళ్తున్నాను" అని మీరే రాశారు. అది వెనక్కి తీసుకోవద్దు, నిజం రాశారు. దాన్ని పట్టుకుని, వానలో నెమ్మదిగా వెళ్లాల్సింది కదా అని పరిహారంలో కొంత కోత పెట్టొచ్చు. పరిమితి లోపలే ఉన్నారా అన్నది ముఖ్యం. నీళ్లు నిండిన గుంత రెండు వైపులా కోసే కత్తి. లోతు కనబడదు కాబట్టి తప్పించుకోలేకపోయానన్నది మీ మాట, నీళ్లు కనబడ్డాక జాగ్రత్తపడాలి కదా అన్నది వాళ్ల మాట. దీన్ని వాదించి గెలవాలని చూడకండి, జరిగింది జరిగినట్టు చెప్పి వదిలెయ్యండి. అలాగే టైరు అప్పటికి ఎంత అరిగిందో అడుగుతారు. సగం వాడేసిన టైరుకి కొత్త టైరు ధర ఇవ్వకపోతే అది అన్యాయం కాదు. గ్యారేజీ బిల్లుతోపాటు, దెబ్బ తగిలి వంగింది, అరిగి పాడైంది కాదు అని మెకానిక్ చేత ఒక లైను రాయించుకోండి. లోయర్ ఆర్మ్ విషయంలో ఆ లైను లేకపోతే, పాత కీళ్లు అరిగిపోయాయని తేలిగ్గా కొట్టేస్తారు.

పాత టైరు, వంగిన రిమ్ము గ్యారేజీలో ఇంకా ఉన్నాయా? ఉంటే తెచ్చి ఇంట్లో పెట్టండి. నేనొకసారి పగిలిన టైరుని షాపులోనే వదిలేసి వచ్చాను. మూడు వారాల తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు చాలా మర్యాదగా, "ఆ టైరు ఒకసారి చూపిస్తారా?" అన్నారు. అప్పటికి అది ఏ కుప్పలో ఉందో దేవుడికే తెలియాలి.

అర్జీలో ఇంకో లోపం ఉంది, ఇది సులభంగా సరిదిద్దుకోవచ్చు. కారు మీది కాదు, బిల్లు మీరు కట్టలేదు. చట్టం దృష్టిలో నష్టపోయింది బావగారు. రెండోసారి రాసేటప్పుడు ఆయన పేరు మీద రాయించి, డ్రైవరుగా మీ వాంగ్మూలం జత చెయ్యండి, లేదా ఆయన తరఫున మీరు వ్యవహరిస్తున్నట్టు ఆయన సంతకంతో ఒక కాగితం పెట్టండి. లేకపోతే రేపు కోర్టుకి వెళ్లినా మొదటి వాయిదాలోనే, అసలు మీరెవరు అంటారు.

గడువులు మాత్రం ఈ వారమే చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆస్తి నష్టానికి దావా వెయ్యడానికి ఆరేళ్లు ఉంటుంది. న్యూయార్క్ నగరం మీద అయితే 90 రోజుల్లో క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి, అక్కడివారైతే మీకు ఐదు వారాలు అప్పుడే అయిపోయాయి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ సంస్థల మీద ఇలాంటి క్లెయిమ్‌కి ఆరు నెలలు. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని గడువు మీ కోసం ఆగదు. భారతదేశంలో ఉన్నవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఒకటి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 198ఎ సెక్షన్ వచ్చింది, రోడ్డు నాసిరకంగా వేసిన కాంట్రాక్టర్లకి జరిమానా అంటుంది. కానీ అది మరణం, వైకల్యం జరిగిన కేసులకి. రిమ్ము వంగినందుకు దాన్ని ఎత్తి చూపితే అర్జీ బలపడదు, పలచబడుతుంది.

రికార్డులు వచ్చాక మీకు మూడు పరిస్థితులు ఎదురవ్వొచ్చు. ముందే ఫిర్యాదు ఉన్నట్టు తేలితే, ఆ కాగితం జత చేసి మళ్లీ రాయండి. చాలా సంస్థలు అక్కడే బేరానికి వస్తాయి. మొత్తం ఇస్తారని అనుకోకండి, సగం కన్నా ఎక్కువ ఇస్తామంటే నేనైతే తీసుకుంటాను. తనిఖీలు తప్పినట్టు మాత్రమే తేలితే కేసు ఉంది గానీ తిరుగుడు కూడా ఉంది. చిన్న మొత్తాల కోర్టులున్న చోట లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, కానీ ఫీజు, రెండు మూడు రోజుల సెలవు, ఓడిపోతే ఏమీ రాదన్న సంగతి లెక్కలో ఉంచుకోండి. ఇక తనిఖీ ప్రమాదానికి వారం ముందే జరిగి, అప్పుడు గుంత లేదని రాసి ఉండి, అబ్బాయి ఫోన్ చేసినట్టు ఎక్కడా లేకపోతే, వదిలెయ్యమనే నా సలహా. న్యాయం మీ వైపు లేదని కాదు. చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు కాబట్టి.

ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. అందుకే బావగారి లెక్క దీనికోసం ఆపొద్దంటున్నాను. "తప్పు నాది కానప్పుడు నేనెందుకు కట్టాలి" అన్నారు. ఆ ప్రశ్న రోడ్డువాళ్లని అడగండి, సరైన ప్రశ్నే. బావగారి దగ్గర మాత్రం అది పనికిరాదు. తప్పు ఆయనది కూడా కాదు కదా. అడిగి తీసుకెళ్లిన వస్తువు మీ చేతిలో ఉండగా పాడైంది. బిల్లు మొత్తం ఒకేసారి ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే రెండు మూడు నెలల్లో ఇస్తానని తేదీలతో చెప్పండి. మీ ఆవిడ మాటలో సగం కరెక్టు: డబ్బు ఇచ్చెయ్యండి, అర్జీ మాత్రం వదలక్కర్లేదు. పరిహారం ఎప్పుడైనా వస్తే ఆయన పేరు మీద వస్తుంది, అది మీకు ఇవ్వాలన్న మాట ఇప్పుడే అనుకోండి. ఇద్దరి మధ్యా వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ ఉన్నా చాలు. "మాలో మాకు రాతలేమిటి" అని బావగారు నవ్వొచ్చు. నవ్వనివ్వండి, మెసేజ్ మాత్రం పెట్టండి.

ఆయన డబ్బు తీసుకోనంటే? కొందరు బావలు అలాగే అంటారు. అప్పుడు అక్కతో మాట్లాడండి. ఆ 'గానీ' తర్వాత ఏముందో నేరుగా అడగండి. డబ్బు కాకపోవచ్చు. కారు తెచ్చి ఇచ్చిన రాత్రి మీరు తాళాలు బల్ల మీద పెట్టి, "రోడ్లు ఇలా ఉంటే ఎవరేం చేస్తారు" అని వెళ్లిపోయానని ఉత్తరం మూడో పేజీలో రాశారు. ఆ వాక్యం మీరు మామూలుగా రాసేశారు గానీ, నేను చదువుతూ అక్కడ ఆగాను.

చివరిగా ఆ చెప్పు. ఫోటోలో గుంత లోతుకి అదొక్కటే కొలత. గుంత పూడ్చేశారు కాబట్టి మళ్లీ కొలవడానికి లేదు. ఈ రోజే ఆ చెప్పుని నేల మీద నిలబెట్టి, పక్కన టేపు పెట్టి, ఫోటోలో మునిగిన గుర్తు దాకా ఎన్ని సెంటీమీటర్లో కనబడేలా ఇంకో ఫోటో తియ్యండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఒకే కాగితం మీద ప్రింట్ తీయించండి. బ్రిటన్‌లో చాలా కౌన్సిళ్లు (అక్కడి స్థానిక సంస్థలు) 4 సెంటీమీటర్ల లోతునే పట్టించుకోవలసిన గుంతగా లెక్కిస్తూ వచ్చాయి. మూడో వంతు చెప్పు అంటే మీది అంతకి రెట్టింపు దాటుతుంది. మామూలు పరిమాణమున్న ఏ మగవారి చెప్పుకైనా అంతే. కేసు తేలేదాకా ఆ జత బీరువాలో పెట్టి, నడవడానికి ఇంకోటి కొనుక్కోండి.